మీరు తిన్న గరిటె

పాత షెడ్డు మీది గది,
ఎండలు ముదురుతున్న రోజులు

వదినా,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటి, దీనికి మళ్లీ ఏం తిక్క పుట్టింది అనుకుంటున్నావు కదూ? ఫోన్ చేస్తే అన్నయ్య స్పీకరు నొక్కుతాడు. మధ్యలో ఆయనగారి సలహాలు, టీవీలో వార్తలు, పక్కింటి కుక్క అన్నీ కలిసి నీకంటే ముందు మాట్లాడతాయి. అందుకే ఇది మీ స్కూలు చిరునామాకు పంపుతున్నాను. స్టాఫ్ రూమ్‌లో తలుపు వేసుకుని చదువుకో.

మొన్న పాత ఇనుము దుకాణానికి వెళ్లాను. నా బొమ్మలకు కావలసిన ముక్కలు అక్కడే ఏరుకుంటానని నీకు తెలుసు. ఒక మూల గరిటెల కుప్ప ఉంది. ఇనుపవి, చెక్కవి, అల్యూమినియంవి. ఒక్కదానికీ అంచు నిండుగా లేదు. ఒక పక్క గుండ్రంగా ఉంటే రెండో పక్క ఎవరో కోసుకుపోయినట్టు వాలుగా ఉంది. విరిగింది కాదు, అరిగింది. ఆ అరిగిన ముక్క ఎక్కడికి పోయింది వదినా? సైన్సు టీచరువి, నువ్వే చెప్పు. కూరలోకి పోయింది. కూర పళ్లెంలోకి, పళ్లెంలోది కడుపులోకి. అంటే ఇంటిల్లిపాదీ కూర్చుని ఏళ్ల తరబడి గరిటెను తినేశారు. తేన్చి, చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ఒక్కరికీ తెలియలేదు.

ఆ కుప్ప ముందు నిలబడితే నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చాయంటే పని మొదలుపెట్టాలన్నమాట.

గరిటెలను పైకప్పు నుంచి వేలాడదీస్తాను. ఒక్కొక్కదానికీ పోయిన భాగాన్ని సన్నటి రాగి తీగతో ఆకారం కట్టి పూర్తి చేస్తాను. ఇనుము ఎంత మిగిలిందో, తీగ ఎంత కట్టాల్సి వచ్చిందో చూడగానే కంటికి కొట్టాలి. ప్రదర్శన పేరు ‘మీరు తిన్న గరిటె’. గ్రంథాలయం మేడ మీద హాలు ఇవ్వడానికి కమిటీ ఒప్పుకుంది. ఇంకా పేరు చెప్పలేదనుకో.

దుకాణంలో దొరికిన వాటికి మనిషి లేదు. నాకు ఎవరు కలిపారో తెలిసిన గరిటెలు కావాలి. మీ టీచర్లను, ఇరుగుపొరుగును అడుగు. అన్నిటికంటే ముఖ్యం, మన పొయ్యి పక్కన మేకుకు వేలాడే అమ్మ ఇనుప గరిటె. అమ్మ పోయి రెండేళ్లయినా దాని టకటక నా చెవిలోనే ఉంది. హాలు నడిమధ్య అదే ఉండాలి. అది రాకపోతే ఈ పనే నాకు అక్కర్లేదు.

నీ మరదలు

*

స్టాఫ్ రూమ్, కిటికీ పక్క కుర్చీ

మరదలు పిల్లా,

నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే నవ్వుతుంటే లెక్కల టీచరు కంగారుపడింది. ఆవిడకూ చదివి వినిపించాను. నవ్వలేదు. మర్నాడు వాళ్లమ్మ చెక్క గరిటె సంచిలో పెట్టుకొచ్చి, “మా నాన్నకు కనబడేలా వేలాడదీయమను” అంది. నీ పని సగం అప్పుడే అయిపోయింది.

మిగతావి పార్సిల్‌లో ఉన్నాయి. ఒక్కోదానికి ఎవరిదో చీటీ కట్టాను. దర్జీ ఆవిడ ఇచ్చినదాని పిడికి గుడ్డ చుట్టి ఉంది, విప్పకు, అది ఆవిడ కుట్టు. కింది వాటా ఆయన్ని అడిగితే, “మా ఇంట్లో గరిటెలు అరగవండీ, మా ఆవిడది సుతారమైన చెయ్యి” అన్నాడు. ఆయన వెనకే వాళ్లావిడ నిలబడి గరిటె ఎత్తి చూపించింది. సగం లేదు! నేను నవ్వు ఆపుకోలేక దగ్గాను. సాయంత్రం ఆయన వాకింగుకు వెళ్లాక ఆ గరిటె మా ఇంటికి వచ్చేసింది.

నీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి. మొన్న మీ అన్నయ్య రక్త పరీక్ష చేయించుకున్నారు. ఇనుము బ్రహ్మాండంగా ఉందని డాక్టరు మెచ్చుకున్నారట. ఇంటికి వచ్చి అద్దం ముందు భుజాలు చూసుకున్నారు. అదే డాక్టరు అదే రోజు నాకు ఇనుము మాత్రలు రాశారు. తిన్న ఇనుము ఎవరిదో, ఎక్కడిదో నువ్వు చెప్పేదాకా నాకూ తట్టలేదు.

నువ్వు అడిగిన గరిటె కూడా పంపాను. మేకుకు కొత్తది తగిలించి, పాతదానికి పిడి వదులైంది, బాగుచేయడానికి ఇచ్చానని మీ అన్నయ్యకు చెప్పాను. ఆయన వంటింట్లో అడుగు పెట్టరు గానీ చెవులు మాత్రం పాము చెవులు. “ఇది అమ్మ గరిటె చప్పుడు కాదే” అన్నారు ముందుగది నుంచి. రుచి కూడా తగ్గిందట. వండింది అదే, పొయ్యి అదే.

ఆ గరిటెను జాగ్రత్తగా చూసుకో. పని అయ్యాక నాకు కావాలి.

వదిన

*

గ్రంథాలయం మేడ మీది హాలు

వదినా,

నేలమీద కూర్చుని, నిచ్చెనకు వీపు ఆనించి రాస్తున్నాను. వేళ్లన్నీ తీగ గీతలే. అయినా ఒళ్లంతా హుషారుగా ఉంది.

కమిటీ అధ్యక్షుడు వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని అన్నీ తిరిగి చూశాడు. “బాగుందమ్మా, కానీ ఈ పేరు భోజనం చేసేవాళ్లను నిందించినట్టు ఉంది” అన్నాడు. “ఉన్నట్టు కాదండీ, నిందించడమే” అన్నాను. దగ్గాడు. ‘అమ్మ చేతి మహిమ’ అని పెడితే హుందాగా ఉంటుందట. ఒక్కో గరిటె కింద ఒక పువ్వు పెడితే ఇంకా బాగుంటుందట. పువ్వులు పెడితే ఇవి సమాధులవుతాయి, నా మనుషులు చాలామంది ఇంకా పొయ్యి దగ్గరే ఉన్నారు అన్నాను. మూతి ముడుచుకుని వెళ్లాడు. పేరు మార్చేది లేదు, పువ్వూ లేదు.

పత్రిక నుంచి ఒకమ్మాయి వచ్చింది. నడిమధ్య ఉన్న గరిటె ఎవరిదని అడిగింది. కింద రాసిన పలకే చదివాను: ‘మా అమ్మ. ఆఖరి రోజుల దాకా మా అందరికీ వండింది. ఇంత మిగిలింది.’ ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. ఆదివారం వేస్తారట, ఫోటోతో.

ఒక తమాషా చెప్పనా? గరిటెలన్నిటికీ పిడి చివర చిల్లుకే తాడు కట్టాను. అరిగిన పక్క తేలిక కాబట్టి అన్నీ ఒకే వైపు ఒరిగాయి, ప్రార్థనలో నిలబడ్డ మీ స్కూలు పిల్లల్లాగ. అమ్మది ఒక్కటే రెండో వైపు ఒరిగింది. ముడి మార్చి కట్టినా అంతే. అమ్మ మాత్రం ఎవరి మాట విన్నది గనక!

నీ మరదలు

*

వంటింటి బల్ల

అమ్మాయీ,

పత్రిక వచ్చింది. మీ అన్నయ్య చదివి ఒంటికాలి మీద లేచారు. “మా అమ్మ ప్రేమతో వండింది. తిన్నందుకు ఇప్పుడు నన్ను దొంగను చేస్తారా? మా అమ్మ గరిటెను రోడ్డున వేలాడదీయడానికి దానికి ఎవరిచ్చారు హక్కు?” అన్నారు. గరిటె నీకు పంపింది నేనే అని చెప్పాను. నాతో మాటలు మానేశారు. మీ అధ్యక్షుడికి ఫోన్ చేశారు, అదీ స్పీకరులోనే. ప్రారంభం రోజున తానే వచ్చి గరిటె తెచ్చుకుంటారట.

నువ్వు రాసిన పలక ఫోటోలో స్పష్టంగా కనబడింది. రెండుసార్లు చదివాను. బాగా రాశావు. మీ అమ్మంటే నీకు ఎంత ప్రాణమో చదివినవాళ్లకు తెలుస్తుంది.

ఒక్కటే అడుగుతాను. మిగిలిన గరిటెలన్నీ ఎటు అరిగాయి? ఇది ఎటు అరిగింది? తమాషా అని వదిలేయకుండా చేతిలోకి తీసుకుని చూడు. ఆకారాలు చూడటమే కదా నీ పని.

వదిన

*

పాత షెడ్డు మీది గది

వదినా,

నీ ఉత్తరంలో నవ్వు లేదు. ‘మరదలు పిల్లా’ అని కూడా లేదు.

గరిటె దించాను. కుడిచేత్తో పట్టుకుని బాణలిలో ఆనించాను. మూల ఒక్కటే తగిలింది, మిగతా అంచంతా గాల్లో ఉంది. మిగతావి ఒక్కొక్కటే తెచ్చి చూశాను. అన్నిటికీ ఎడమ పక్క అరిగింది, కుడిచేత్తో పట్టుకుంటే అతికినట్టు కూర్చున్నాయి. దీనికి ఒక్కదానికే కుడి పక్క అరిగింది. అప్పుడు ఎడంచేత్తో పట్టుకున్నాను. వదినా, అది బాణలికి అతుక్కుపోయింది.

మన ఇంట్లో ఎడంచేతివాళ్లు ఎవరూ లేరే అనుకున్నాను. అనుకుంటూనే నీ ఉత్తరం వైపు చూశాను. నువ్వు రాసేది కుడిచేత్తో. కానీ నా పెళ్లిచూపుల రోజు నా జడ అల్లింది ఏ చెయ్యి? దోమను కొట్టేది ఏ చెయ్యి? కట్నం అడిగారని ఆ పెళ్లిచూపుల వాళ్ల వెనకే గేటు దాకా వెళ్లి చెప్పు చూపించింది ఏ చెయ్యి?

ఇది నీదా? ఎప్పటి నుంచి? మరి అమ్మ?

ఇంకో సంగతి. అధ్యక్షుడు కబురు పెట్టాడు. గరిటె సొంతదారు కుటుంబం నుంచి అభ్యంతరం వస్తే హాలుకు తాళం వేస్తాడట. ఒక్క గరిటె తీసేయడం కాదు, మొత్తం. లెక్కల టీచరు అమ్మ గరిటె, దర్జీ ఆవిడది, కింది వాటా ఆవిడది, అన్నీ మళ్లీ మూటగట్టాలి. నేను పోట్లాడతాను, అది నాకు కొత్త కాదు. కానీ దేనికోసం పోట్లాడుతున్నానో నాకు నిజం తెలియాలి. చెప్పు వదినా. కప్పిపుచ్చకు.

నీ మరదలు

*

స్టాఫ్ రూమ్, అందరూ వెళ్లాక

మరదలు పిల్లా,

నాదే.

చిన్నప్పుడు బడిలో స్కేలుతో కొట్టి కుడిచేత్తో రాయడం నేర్పారు. పొయ్యి దగ్గర ఎవరూ కొట్టలేదు, ఎవరూ చూడలేదు కనక. అందుకని కలిపే చెయ్యి నాది నాకే మిగిలింది.

నువ్వు చదువుకని వెళ్లిన ఏడాది అత్తయ్యకు జ్వరం వచ్చింది గుర్తుందా? జ్వరం తగ్గింది గానీ ఆవిడకు రుచి, వాసన రెండూ పోయాయి. ఎవరికీ చెప్పలేదు. అంచనాతో వండారు. ఒకరోజు ఉప్పు రెండుసార్లు పడింది. మీ అన్నయ్య ఒక ముద్ద తిని పళ్లెం తోసేశారు. “అమ్మా, నీ చేతి వంట కూడా ఇలా ఉంటుందా?” అన్నారు. అంతే. తిట్టలేదు. కానీ అత్తయ్య పెరట్లో నీళ్ల తొట్టి వెనక కూర్చుని ఏడ్చారు. నేను వెళ్తే నా చెయ్యి పట్టుకుని, “నాకు ఉన్నది ఆ ఒక్క పేరేనే. అది కూడా పోతే నేనెవర్ని ఈ ఇంట్లో? నువ్వు వండు, చెప్పకు” అన్నారు.

మాట ఇచ్చాను. మర్నాడు కొత్త ఇనుప గరిటె కొన్నాను, ఆవిడ గరిటె నా చేతికి కుదరక. పొద్దున స్కూలుకు ముందు, సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక వండేదాన్ని. అత్తయ్య పక్కన పీట మీద కూర్చుని ముక్కలు తరిగేవారు. దించేటప్పుడు నేను బాణలి అంచు మీద రెండుసార్లు తడతాను, గరిటెకు అంటుకున్నది రాలడానికి. అది వినగానే ముందుగదిలో మీ అన్నయ్య, “అమ్మ తట్టింది, పళ్లేలు పెట్టండి” అనేవారు. భోజనం దగ్గర, “నువ్వు కూడా అమ్మ దగ్గర కాస్త నేర్చుకోరాదూ” అని నాతో అనేవారు. అత్తయ్య బల్ల కింద నా కాలు తొక్కేవారు. ఇద్దరం నవ్వు దిగమింగుకునేవాళ్లం. పదేళ్లకు పైగా అదే మా సినిమా, అదే మా షికారు. నాకు ఆవిడ మీద కోపం లేదు. ఆ పీట మీద ఆవిడ లేకుండా ఇప్పటికీ నాకు వంట చేయబుద్ధి కాదు.

కోపం నీ మీద! అవును, నీ మీదే. సెలవులకు వచ్చేదానివి, ముందుగదిలో అన్నయ్య పక్కన కూర్చుని ఆడవాళ్ల చాకిరీ గురించి గంటల తరబడి వాదించేదానివి. నీ వాదన నాకు వంటింట్లోకి వినబడేది. ఎంత బాగా మాట్లాడుతుందో పిల్ల అని మురిసిపోతూ నీకు వండాను. ఒక్కసారి తల తిప్పి చూస్తే పొయ్యి దగ్గర ఎవరున్నారో కనబడేది. చూడలేదు. ఆ గరిటెలో మీ అన్నయ్య ఎంత తిన్నారో నువ్వూ అంతే తిన్నావు. పైగా దానికింద వేరే పేరు రాశావు.

ముందు అనుకున్నాను, పోనీలే, ఉండనీ, పోయిన మనిషి పేరు అని. నాకు నా పేరు అక్కర్లేదు అని రాయబోయాను కూడా. అది అబద్ధం. నాకు కావాలి. నా చేతి గరిటె కింద నేను కావాలి. అత్తయ్యకు ఇచ్చిన మాట ఆవిడ ఉన్నంతకాలం నిలబెట్టాను. ఆ మాట ఆవిడకు ఇచ్చాను, మీ అన్నయ్యకు కాదు.

ప్రారంభానికి నేను వస్తున్నాను. నేను వచ్చేదాకా గరిటె ఎవరికీ ఇవ్వకు, దేవుడు దిగివచ్చినా సరే. అత్తయ్య సొంత గరిటె కూడా ఉంది. ఎక్కడుందనుకున్నావు? మేడ మీద పూలకుండీలో. వంట మానేశాక ఆవిడ దాంతో మట్టి తవ్వుకునేవారు. తుప్పు పట్టింది గానీ ఎడమ పక్క అరుగుదల చక్కగా కనబడుతుంది. తెస్తున్నాను.

వదిన

*

గ్రంథాలయం మేడ మీది హాలు

వదినా,

నువ్వు తిట్టిన ప్రతి మాటా నాకు తగలాల్సిందే. తగిలింది. సారీలు ఇప్పుడు రాయను, వచ్చాక తీరిగ్గా నీ ఎదురుగా కూర్చుని చెప్పుకుంటాను, అదీ నేను వండిపెట్టి.

పలక ఊడదీసి ముక్కలు చేశాను. కొత్తది ఖాళీగా ఉంది. దాని మీద ఏం రాయాలో నువ్వు చెబితేనే రాస్తాను. పత్రిక అమ్మాయికి ఫోన్ చేసి నేను తప్పు చెప్పానని చెప్పాను. “ఇప్పుడు అసలు కథ మొదలైంది” అందా పిల్ల. నడిమధ్య రెండో తాడు కట్టాను, అమ్మ గరిటె కోసం.

హాలు తాళం చెవి నా మెడలో ఉంది. అధ్యక్షుడు కాదు కదా, వాళ్ల తాత వచ్చినా తీయను. రా.

నీ మరదలు

*

వంటింటి బల్ల, ప్రారంభం మర్నాడు

మరదలు పిల్లా,

నిన్న నువ్వు కింద అధ్యక్షుడితో గొడవపడుతున్నప్పుడు మేడ మీద ఏం జరిగిందని పదిసార్లు అడిగావు. జనంలో చెప్పలేకపోయాను. ఇదిగో.

మీ అన్నయ్య నాకంటే ముందే వచ్చి గరిటె కింద నిలబడి ఉన్నారు. చెయ్యి చాపి తాడు అందుకోబోయారు. “ఆగండి” అన్నాను. “ఇది మా అమ్మది” అన్నారు. “అయితే ఒకసారి కలపండి” అని సంచిలోంచి మన బాణలి తీసి బల్ల మీద పెట్టాను. జనం చుట్టూ మూగారు. ఆయనకు పంతం వచ్చింది. గరిటె దించి, కుడిచేత్తో పట్టుకుని తిప్పారు. అది మూలతో గీరుకుంటూ, ఎగిరెగిరి పడింది. కింది వాటా ఆవిడ కిసుక్కున నవ్వింది. ఆ, ఆవిడా వచ్చింది, వాళ్లాయన్ని వెంటబెట్టుకుని!

గరిటె ఇలా ఇవ్వండి అని తీసుకున్నాను. ఎడంచేత్తో పట్టుకుని, రోజూ కలిపినట్టే కలిపాను. ఖాళీ బాణలి. హాలంతా ఆ చప్పుడే. చివర్న అంచు మీద రెండుసార్లు తట్టాను.

ఆయన మొహం చూడాల్సింది. మనిషి అక్కడికక్కడే ఆగిపోయారు. ఆ చప్పుడు ఆయనకు తెలుసు కదా. పేపరు అడ్డం పెట్టుకుని ఇన్నేళ్లూ విన్నారు కదా. “ఎప్పటి నుంచి?” అన్నారు, చాలా నెమ్మదిగా. “మీరు పళ్లెం తోసేసిన మర్నాటి నుంచి” అన్నాను. ఆ రోజు ఆయనకు గుర్తుంది. గుర్తు లేకపోతే అలా తల దించుకోరు.

“మరి అమ్మది?” అన్నారు. తుప్పు గరిటె తీసి చేతిలో పెట్టాను. అంచుకు మట్టి ఇంకా ఉంది. దాన్ని బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డారు. రెండో తాడుకు ఆయనే కట్టారు, వంకరగానే అనుకో. అప్పుడే మీరిద్దరూ రొప్పుతూ మెట్లెక్కి వచ్చారు. “కుటుంబం అభ్యంతరం ఏమిటో చెప్పండి” అని మీ అధ్యక్షుడు అడిగితే, “గరిటె మా ఆవిడది, ఆవిణ్ణి అడగండి” అని మీ అన్నయ్య అన్నది నువ్వూ విన్నావు. నాకు అభ్యంతరం లేదని నేనన్నదీ విన్నావు. పలక మీద నేను చెప్పింది చెప్పినట్టే రాశావు, సంతోషం: ‘మా వదిన. ఎడంచేతిది. పక్కనున్నది మా అమ్మ. ఇద్దరినీ తిన్నాం.’

నువ్వు వినని ముక్క ఒకటుంది. మీ అన్నయ్య మెట్ల దగ్గర చెప్పులేసుకుని, “ఇంటికి పోదాం పద, ఆకలేస్తోంది” అన్నారు. అలవాటుగానే అన్నారు. నాకూ అలవాటుగానే కాలు ముందుకు పడింది. పడ్డ కాలు వెనక్కి తీసుకున్నాను. “నా గరిటె ఇక్కడ పనిలో ఉంది, నేనూ ఇక్కడే ఉంటాను సాయంత్రం దాకా. ఇంట్లో మేకుకు కొత్తది ఉంది. అరగదీయడం మొదలుపెట్టండి” అన్నాను.

వెళ్లారు. నేను ఇంటికి వచ్చేసరికి కూర మాడింది, బాణలి నల్లబడింది, ఉప్పు రెండుసార్లు పడింది. నేను పళ్లెం తోయలేదు. పూర్తిగా తిన్నాను. ఆయన నా మొహమే చూస్తూ కూర్చున్నారు. ఇవాళ పొద్దున మళ్లీ వంటింట్లోంచి చప్పుడు. అంచు మీద తట్టలేదు, ఆ సంగతి ఇంకా తెలియదు పాపం. నేను ముందుగదిలో పేపరు చదువుకుంటూ విన్నాను.

ఆ కొత్త గరిటె అరగడానికి చాలా ఏళ్లు పడుతుంది. నాకేం తొందర లేదు. నీ హాలులో మాత్రం ఒక తాడు ఖాళీగా ఉంచు.

వదిన